సవర ఊళ్లో హాజరు సంతకాలు తీసుకున్నారు, దాన్ని సమ్మతి అంటారా?

ప్రశ్న – గుణుపురం నుంచి
కొండ మీద సవర ఆదివాసీల ఊరు. ప్రపంచ బ్యాంకు అప్పుతో వేసే రోడ్డు వాళ్ల పోడు మీదుగా పోతుందంటున్నారు. పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టి రిజిస్టర్లో వేలిముద్రలు వేయించుకున్నారు. రేపు దీన్నే ఒప్పుకోలుగా చూపిస్తే?

జవాబు – రాయగడ నుంచి
హాజరు వేరు, సమ్మతి వేరండీ. ఒడిశాలో గ్రామసభ పంచాయతీ మొత్తానిది, ఊరిది పల్లి సభ. 2013 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత నియమగిరి కొండల్లో బాక్సైటు గని మీద తేల్చడానికి కూర్చున్నవి 12 పల్లి సభలు. 12కి 12 గని వద్దన్నాయి. అటవీ హక్కుల చట్టం కింద సభ అయితే ఊరి సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి.

మోసమంతా ఖాళీ పేజీలోనే జరుగుతుంది. ముందు వేలిముద్రలు పడతాయి, తీర్మానం తర్వాత పైన చేరుతుంది. అందుకే తీర్మానం పూర్తిగా రాయించండి, సవర భాషలో చదివించండి, మిగిలిన ఖాళీని గీత కొట్టించండి. వేలిముద్రలు ఆ గీత కిందే పడాలి. పేజీ నంబరు కనబడేలా అక్కడికక్కడే ఫోటో తీయండి.

జవాబు – పర్లాకిమిడి నుంచి
బ్యాంకు నియమం కూడా మీవైపే ఉంది. 2018 అక్టోబరు 1 తర్వాత మొదలైన ప్రాజెక్టులకు ఆదివాసుల కోసం బ్యాంకు పెట్టిన ఈఎస్ఎస్-7 అనే నియమం వర్తిస్తుంది. తరతరాలుగా వాడుకునే నేలకు, వనరులకు నష్టమైనా, ఊరు లేపాల్సి వచ్చినా, సంస్కృతికి ముఖ్యమైన చోట్లు గట్టిగా దెబ్బతిన్నా ముందే, బలవంతం లేకుండా, అన్నీ తెలిపి సమ్మతి తీసుకోవాలి. అది తేలకపోతే ఆ భాగం ముందుకు సాగకూడదు. అయితే ఇది ఊరుమ్మడి సమ్మతి. నలుగురు కాదన్నంత మాత్రాన చెల్లకుండా పోదు. కాబట్టి ఊరంతా కూర్చుని మాట్లాడుకోవడం తప్పదు. అంతకు ముందటి ప్రాజెక్టయితే 2005 నాటి విధానం. అందులో సంప్రదింపులు, ఊరి విస్తృత మద్దతు వరకే.

ప్రశ్న వేసినవారు
జరిగిపోయిన మీటింగు సంగతేంటి?

జవాబు – రాయగడ నుంచి
ఆ రిజిస్టరు నకలు సమాచార హక్కు కింద అడగండి. ఈలోగా పల్లి సభ పిలిచి, 'ఆ రోజు ఇచ్చింది హాజరే, సమ్మతి కాదు' అని తీర్మానం చేయండి. నకళ్లు కలెక్టరుకు, ప్రాజెక్టు ఆఫీసుకు, ఢిల్లీ బ్యాంకు ఆఫీసుకు ఇచ్చి రసీదు తీసుకోండి.

పలకకపోతే బ్యాంకు మీద ఫిర్యాదులు వినే ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ ఉంది. మహారాష్ట్రలో నందుర్బారు ఆదివాసీ ఊళ్లను ముంచిన, బ్యాంకు అప్పిచ్చిన నర్మదా ప్రాజెక్టు గొడవ తర్వాత 1993లో పుట్టింది. నష్టపోయేవాళ్లు ఇద్దరున్నా చాలు, తెలుగులోనో ఒడియాలోనో రాయొచ్చు, పేర్లు గోప్యంగా ఉంచమనొచ్చు. 'డబ్బు తక్కువిచ్చారు' అని ఆపేయకండి. బ్యాంకు తన నియమం ఎక్కడ తప్పిందో, దానివల్ల ఏ నేల పోతుందో, బ్యాంకుకు ఏ తేదీన చెప్పారో రాయండి. పీ అక్షరంతో మొదలయ్యే ప్రాజెక్టు నంబరు వేయండి, రసీదులు జత చేయండి.