అప్‌డేట్: మెటాలికా 'ఫర్ హూమ్ ది బెల్ టోల్స్' నవలలో ఏ ఘట్టం?

మెటల్ బ్యాండ్ మెటాలికా పాటలో కొండ మీద పోరాడే ఐదుగురు ఎవరు, అదే పేరున్న హెమింగ్వే నవలలో ఎక్కడొస్తారు అని అడిగాను కదా. 27వ అధ్యాయం చూడమన్నవాళ్ల మాటే నిజం, థ్యాంక్స్. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఎల్ సోర్దో అనే నాయకుడి గెరిల్లాలను ఫాసిస్టు సైన్యం చుట్టుముడుతుంది. కొండపైకి చేరేది ఐదుగురే. చివరికి విమానాలొచ్చి బాంబులేస్తాయి. స్పృహ తప్పిన కుర్రాడు హోవాకిన్‌ని లెఫ్టినెంట్ కాల్చేస్తాడు. 1984 నాటి పాటంతా ఈ ఒక్క ఘట్టమే.

హీరో రాబర్ట్ జోర్డాన్, వంతెన పేల్చడం, ప్రేమకథ పాటలో లేవు, వెతకొద్దు. ఇంగ్లిష్ కవి జాన్ డన్ 1624 రచన (పద్యం కాదు, వచనం) నుంచి టైటిల్ ఒక్కటే, అదీ 1940 నవల మీదుగా వచ్చింది. అన్నట్టు, మొదట్లో గిటార్‌లా వినిపించేది బ్యాండ్ బాసిస్ట్ క్లిఫ్ బర్టన్ బాస్ గిటార్, డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పెట్టి వాయించింది.