"దవడ నొప్పి ఉందా?" అని అడిగితే ఎవరికి ఏం అర్థమవుతోంది?

అందరికీ నమస్కారం. ఒక ఆరోగ్య పరీక్ష ఫారం తెలుగు చేస్తున్నాను, అందులో నెలల తరబడి వదలని దవడ నొప్పి గురించి కొన్ని ప్రశ్నలున్నాయి. మొదట "దీర్ఘకాలిక హనుసంధి రుగ్మత" అని రాసేశాను. హనువంటే దవడ, వజ్రాయుధం దెబ్బకి దవడ విరిగి హనుమంతుడయ్యాడన్న కథ అందరికీ తెలిసిందే, కానీ చీటీ పట్టుకుని వరసలో కూర్చున్న మనిషికి ఆ మాట అందదు. కొట్టేసి "దవడ నొప్పి ఉందా?" అని మార్చి మా అమ్మని అడిగాను. లేదంది!

ఏడాదిగా చెవి నొప్పి అంటూనే ఉంది, చెవి చూసిన డాక్టరుగారు లోపలేమీ లేదన్నారు, చేగోడీ ఇస్తే టీలో నానబెట్టుకుని తింటుంది, ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి ఆనించి పట్టుకుంటుంది, అయినా దవడ నొప్పి మాత్రం లేదట. అమ్మకి దవడంటే చెంప, "దవడ వాయగొడతా" అన్నప్పటి దవడ, కాకపోతే దవడపళ్ళు. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూస్తే కదులుతుందే, ఆ కీలుకి ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో విడిగా పేరే దొరకలేదు నాకు.

నొప్పి ఎలాంటిదన్న చోట సలుపు, పోటు, తీపు, మంట అని పెట్టాను. మీ వైపు ఏమంటారు?

—

మాది కరీంనగర్ అండి. మేం దౌడ అంటాం, "దౌడ గుంజుతుంది" అంటే ఇక్కడ ఎవరికైనా తెలుస్తుంది. సలుపు ఒక్కటే పెడితే మాత్రం చాలదు, ఆ మాట వినగానే చీము పట్టిన గడ్డో పిప్పిపన్నో గుర్తొస్తుంది. పోటంటే పొడిచినట్టు వచ్చేది. రోజంతా బరువుగా, లాగుతున్నట్టు ఉండేదానికి గుంజుడు, పీకుడు కూడా చేర్చండి.

—

నేను పళ్ళ డాక్టర్ని. నొప్పి పేరు కన్నా ఏం చేస్తే వస్తోందో అడగడం మాకు ఎక్కువ పనికొస్తుంది. దవడ కీలు, కండరాల జబ్బుల్ని గుర్తించడానికి 2014లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాల్లో కూడా గడిచిన 30 రోజుల్లో దవడలో గానీ కణతల్లో గానీ నొప్పి ఉందా, లేవగానే దవడ బిగుసుకుపోతోందా, గట్టివి నమిలితే, నోరు తెరిస్తే నొప్పి మారుతోందా అనే అడుగుతారు. ఇంకో సంగతి, "దవడ పట్టేసింది" అని రాస్తే నాకు సగమే తెలుస్తుంది, తెరుచుకోకుండా పట్టేసిందా, తెరిచాక మూసుకోకుండానా? రెండూ వేరు. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పడుతున్నాయా అని అడగండి, మామూలుగా 40 మిల్లీమీటర్లు, ఆ పైనే తెరుచుకుంటుంది. కటుక్కుమనే చప్పుడుని నొప్పితో కలపకండి, నొప్పి లేని చప్పుడు చాలామందికి ఉంటుంది, దానికి సాధారణంగా వైద్యం అక్కర్లేదు.

—

చాలా థ్యాంక్స్ అండీ, "పట్టేసింది"ని రెండు ప్రశ్నలుగా విడగొట్టాను. అమ్మకి మళ్ళీ చదివి వినిపిస్తే ఈసారి చెవి ముందు వేలు పెట్టి "ఇక్కడే, ఆవలిస్తే చాలు" అంది. ఒక్క చోట ఆగిపోయాను. "పళ్ళు కొరికే అలవాటు ఉందా?" అంటే అమ్మ నొచ్చుకుంది, "నేనెవరి మీద కొరికాను?" అని. నిద్రలో కొరకడం సరే, పిల్లల విషయంలో అందరూ అనే మాటే, కానీ మెలకువలో తెలియకుండా పళ్ళు బిగబట్టి ఉంచడం వేరే సంగతి, పగలు పళ్ళు కొరకడమంటే మనకి కోపమే. అందుకని ఇలా రాశాను: "పనిలో ఉన్నప్పుడు మీ పైపళ్ళు, కిందపళ్ళు ఒకదానికొకటి గట్టిగా ఆనుకుని ఉంటున్నాయా?" పొడుగైంది, తెలుసు. రాయలసీమలో గానీ శ్రీకాకుళం వైపు గానీ దీనికి ఒక్క మాట ఉంటే చెప్పండి, మార్చేస్తాను.