వయసు మళ్లిన ఆటగాళ్లు, టీవీ వాళ్ల ఆరోగ్యం మీద ఆరా తీయడం: అభిమానమా, పాడు అలవాటా?

మిడాన్ (చర్చ మొదలుపెట్టినవారు)

మా ఇంట్లో జరిగిన గొడవ ఇక్కడ పెడుతున్నా. నాన్నగారికి 76, తెనాలిలో ఉంటారు. ఆయన దగ్గర అట్ట ఊడిపోయిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఉంది. ఇండియాకి టెస్టులు ఆడినవాళ్ల పేర్లు, పుట్టినతేదీలు అందులో రాసుకున్నారు. ఎవరైనా పోతే పేరు పక్కన ఎర్ర రీఫిల్‌తో తేదీ వేస్తారు. పేరు మాత్రం కొట్టెయ్యరు. 2024 ఫిబ్రవరి 13న దత్తా గైక్వాడ్ పోయినప్పుడు ఆయనకి 95 ఏళ్లు, అప్పటికి మన టెస్ట్ ఆటగాళ్లలో అందరికంటే పెద్ద. నాన్న తేదీ వేసి, "ఇక పెద్దదిక్కు మద్రాసు గోపీనాథే" అన్నారు. అదే ఏడాది జులై 31న దత్తాగారబ్బాయి అంశుమన్ కూడా బ్లడ్ క్యాన్సర్‌తో పోయాడు. ఆ రోజు నాన్న సరిగ్గా అన్నం తినలేదు.

మా ఆవిడకి ఈ పుస్తకం నచ్చదు. మొన్న పండక్కి వెళ్లినప్పుడు "బతికున్నవాళ్లకి ఈ చిత్రగుప్తుడి చిట్టా ఏంటి మావయ్యా" అనేసింది. ఆయన చిన్నబుచ్చుకుని పుస్తకం బీరువాలో పెట్టేశారు.

నేనూ తక్కువ తినలేదు. 2023 ఆగస్టు 23న జింబాబ్వే పాత క్రికెట్ కెప్టెన్ హీత్ స్ట్రీక్ పోయాడని అతనితో కలిసి ఆడిన హెన్రీ ఒలాంగా రాస్తే, రెండు నిమిషాల్లో ఉన్న గ్రూపులన్నిటిలో ఫొటోతో సహా పెట్టేశాను. తర్వాత ఒలాంగానే, స్ట్రీక్ బతికే ఉన్నాడు, థర్డ్ అంపైర్ వెనక్కి పిలిచాడు అని రాశాడు. సెప్టెంబర్ 3న స్ట్రీక్ నిజంగానే పోయాడు, 49 ఏళ్లకి. ఈసారి పెట్టడానికి నాకు మొహం చెల్లలేదు.

నాన్నది తప్పా, నాది తప్పా, రెండూ ఒకటేనా? చెప్పండి.

పల్నాటి పులుసు

తిట్టుకున్నా పర్లేదు, రెండూ ఒకటే. ఆయన పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు, నువ్వు ఫోన్ పట్టుకుని.

2023 మార్చి, ఉగాది ముందు రోజు కోట శ్రీనివాసరావుగారి సంగతి మర్చిపోయారా? సినిమా మనిషే అనుకోండి, రోగం ఒకటే. పండగ పనుల్లో ఉన్న మనిషి ఇంటికి ఫోన్ల మీద ఫోన్లు. పోలీసులు బందోబస్తుకని వచ్చేశారు. 80 ఏళ్లాయన కెమెరా ముందు కూర్చుని తాను బాగానే ఉన్నానని ఊరందరికీ చెప్పుకోవాల్సి వచ్చింది. 2025 జూన్‌లో ఆయన బాగా చిక్కిపోయి ఉన్న ఫొటో ఒకటి ఫోన్లన్నీ తిరిగింది. జులై 13న పోయారు. ఆ నెల రోజులూ మనం చేసింది పరామర్శ అంటే నేను నమ్మను.

రేడియో బాబాయ్

పులుసుగారూ, కొంచెం ఘాటు తగ్గించండి. నా మాట కూడా వినండి.

2020 ఆగస్టు 5న బాలుగారే వీడియో పెట్టారు. కొద్దిగా జ్వరం, జలుబు, కరోనా వచ్చింది, కంగారు పడకండి, ఫోన్లు చెయ్యకండి అని. పది రోజులు తిరక్కుండా పరిస్థితి విషమించింది. అక్కణ్నించి సెప్టెంబర్ 25 దాకా మా ఇంట్లో సాయంత్రమైతే ఒకటే పని, వాళ్లబ్బాయి చరణ్ ఏం చెప్పాడు అని చూడటం. ఒంట్లోంచి రక్తం బయటికి తీసి, ఆక్సిజన్ కలిపి మళ్లీ లోపలికి పంపే మిషన్ ఒకటుంటుందని, దాన్ని ఎక్మో అంటారని మా వీధి చివర ఇస్త్రీ బండి అతనికి కూడా తెలిసిపోయింది. ఆగస్టు 20 సాయంత్రం 6 గంటలకి అందరం ప్రార్థన చేద్దామని తమిళ దర్శకుడు భారతీరాజా పిలుపిస్తే, మా ఆవిడ దీపం పెట్టి పక్కన టేప్‌రికార్డర్‌లో ఆయన పాట పెట్టింది.

1996 నుంచీ 'పాడుతా తీయగా'లో మన పిల్లలకి శ్రుతి తప్పితే నొప్పి తగలకుండా దిద్దిన మనిషి. ఆయన ఆసుపత్రిలో ఉంటే ఎలా ఉన్నారని అడక్కుండా ఉండాలా? అడక్కపోతే మేం మనుషులమేనా?

డెస్క్‌లో ఒకడు

బాబాయ్‌గారు చెప్పిన రోజుల్లోనే ఒకటి జరిగింది. ఆగస్టు 24న బాలుగారికి నెగెటివ్ వచ్చేసిందని వార్త తిరిగింది. జనం పండగ చేసుకున్నారు. చరణ్ వచ్చి, అది వదంతి, దయచేసి నమ్మకండి అనాల్సి వచ్చింది. తండ్రి వెంటిలేటర్ మీద ఉన్నాడు, మన సంతోషాన్ని ఆపే పని కూడా కొడుకు మీదే పడింది. చెడ్డ వార్తకి తొందరపడితేనే తప్పని అందరూ అనుకుంటారు.

ఇంకోటి. పత్రికలో పనిచేస్తా కాబట్టి చెప్తున్నా, పెద్దవాళ్ల జీవిత విశేషాలు బతికుండగానే రాసి పెట్టుకుంటాం. వినడానికి అదోలా ఉంటుంది గానీ, రాత్రి పదకొండింటికి కబురొస్తే అప్పటికప్పుడు రాసింది తప్పుల తడకే. 2020 నవంబర్‌లో ఫ్రాన్స్ ప్రభుత్వ రేడియో ఆర్‌ఎఫ్‌ఐ వాళ్ల వెబ్‌సైట్ మార్పుల్లో ఇలాంటివి వంద దాకా బయటపడ్డాయి. పీలే, ఎలిజబెత్ రాణి, అందరూ బతికుండగానే పోయినట్టు! మిడాన్ నాన్నగారి పుస్తకం నాకు వింతగా అనిపించదు. నా కంప్యూటర్లో అలాంటి ఫోల్డర్ ఉంది.

పల్నాటి పులుసు

మీది ఉద్యోగం. జీతం తీసుకుని చేస్తారు. మిగతావాళ్లకి ఏం అవసరం?

నైట్ డ్యూటీ

నేను నర్సుని. ఊరు, ఆసుపత్రి చెప్పను. కొన్నేళ్ల కింద మా ఫ్లోర్‌లో ఒక పాత ఆటగాడు ఉన్నారు. ఆయన కోసం ఇద్దరు వచ్చేవారు. ఒకాయన బత్తాయిల సంచితో వరసగా మూడు రోజులు వచ్చి లిఫ్ట్ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. లోపలికి పంపమని ఒక్కసారి కూడా అడగలేదు. మూడో రోజు "నిద్రపోతున్నారా అమ్మా?" అని మాత్రం అడిగాడు. అవును అన్నాను. వెళ్లిపోయాడు. సంచి మాకే ఇచ్చాడు. రెండో ఆయన చెయ్యి పట్టుకుని, సిస్టర్, నీ ఫోన్‌తో ఒక్క ఫొటో తీసిపెట్టు అని రెండు వేలు ఇవ్వబోయాడు. ట్యూబులు ఉన్నా పర్లేదంట.

ఇద్దరూ అభిమానులమనే చెప్పారు. నిజంగానే అభిమానులు కూడా. రెండో ఆయనకి ఆ పెద్దాయన ఏ మ్యాచ్‌లో ఎంత కొట్టాడో మొత్తం నోటికి వచ్చు.

ఆ ఫొటో వ్యవహారం జరిగాక ఆయన కూతురు రోజంతా కర్టెన్ దగ్గరే నిలబడింది. నాన్న పక్కన కూర్చోవాల్సిన టైమ్ అది.

లాలాగూడ లెఫ్ట్‌వింగ్

అందరూ ఎక్కువ పట్టించుకోవడం గురించే మాట్లాడుతున్నారు. అసలు పట్టించుకోకపోతే ఏమవుతుందో నేను చెప్తా.

తులసీదాస్ బలరాం, ఫుట్‌బాల్ ఆటగాడు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. 1962 జకార్తా ఏషియాడ్‌లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబే, ఒంట్లో క్యాన్సర్ పెట్టుకుని ఆ జట్టుని నడిపించాడు, మరుసటి ఏడాదే పోయాడు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అంటే ఒకప్పుడు త్రిమూర్తులు. మొదటి ఇద్దరూ 2020లో నెల పదిరోజుల తేడాలో పోయారు. బలరాం 2023 ఫిబ్రవరి 16న బెంగాల్లో పోయాడు. ఆ రోజు మా బస్తీలో, ఆయన ఊరికి ఆటో ఎక్కితే వెళ్లిపోయే దూరంలో ఉన్న బస్తీలో, నేను అడిగిన ఒక్కడికీ ఆ పేరు తెలియలేదు. "యాక్టరా?" అన్నాడు ఒకడు.

ఇంకొకాయన, ప్రవీణ్ కుమార్ సోబ్తీ. 1966, 1970 ఏషియాడ్‌లలో డిస్కస్ త్రోలో బంగారు పతకాలు. తర్వాత దూరదర్శన్ మహాభారతంలో భీముడు. 2021 డిసెంబర్‌లో, పెన్షన్ రావట్లేదు అని ఆయనే నోరు విప్పి చెప్పుకున్నాడు. రెండు నెలలు తిరిగేసరికి, 2022 ఫిబ్రవరిలో పోయాడు. పోయాక గద ఫొటోలు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నా. పెన్షన్ వార్త అప్పుడే చదివి ఏం చేశానంటే, పేజీ తిప్పా.

రేడియో బాబాయ్

భలే గుర్తుచేశారు. మా శాంతిస్వరూప్‌గారూ అంతే. 1983 నవంబర్ 14న దూరదర్శన్‌లో మొట్టమొదటి తెలుగు వార్తలు చదివిన మనిషి. ఎదురుగా అక్షరాలు చూపించే టెలిప్రాంప్టర్ లేని రోజులు, స్క్రిప్ట్ కంఠతా పట్టి చదివేవారు. 2024 ఏప్రిల్ 5న పోయారని స్క్రోలింగ్‌లో చూశాను. అంతకుముందు పదేళ్లలో ఆయన ఎలా ఉన్నారని నేను ఒక్కసారైనా అనుకోలేదు. ఉన్నది హైదరాబాద్‌లోనే, ఒక బస్సు దూరం.

పల్నాటి పులుసు

సరే, లెఫ్ట్‌వింగ్ అన్నా, నీ మాట ఒప్పుకుంటా. పెన్షన్ వచ్చిందా లేదా, మందులకి డబ్బులున్నాయా అని అడగండి, నేనూ మీతో వస్తా. కానీ అది ఆరోగ్యం మీద ఆరా కాదు కదా! ఐసీయూలో ఏ ట్యూబ్ ఎక్కడుందో తెలుసుకుంటే ఆయనకి పెన్షన్ వస్తుందా?

ఇంకోటి, కుటుంబం వద్దంటే వద్దు. కార్ రేసర్ షూమాకర్ 2013 డిసెంబర్ 29న మంచు మీద స్కీయింగ్ చేస్తూ పడ్డాడు, తలకి పెద్ద దెబ్బ తగిలింది. అప్పట్నించీ ఇంట్లోవాళ్లు గడప దాటి మాట రానివ్వలేదు. ఆ మౌనాన్ని కూడా వదల్లేదు, 2023లో ఒక జర్మన్ వారపత్రిక ఏఐతో ఆయన ఇంటర్వ్యూ పుట్టించి అచ్చేసింది. ఎడిటర్ ఉద్యోగం ఊడిందనుకోండి. కానీ ఆ పత్రికని కొన్నది ఎవరు? అభిమానులే కదా.

డెస్క్‌లో ఒకడు

కుటుంబం చెప్పాలి, లేదంటే ఆసుపత్రి బులెటిన్ రావాలి. మా డెస్క్‌లో మాట ఇదే. స్నేహితుడు చెప్పాడన్నా ఆగుతాం. స్ట్రీక్ విషయంలో ఒలాంగా బయటివాడేం కాదు, ఒకే డ్రెస్సింగ్ రూమ్. 2021 మే నెలలో రామాయణం సీరియల్ రావణుడు అరవింద్ త్రివేదీ పోయారని పుకారు లేస్తే, అందులో లక్ష్మణుడిగా వేసిన సునీల్ లహ్రీయే కాదని చెప్పి ఆపాడు. ఆయన పోయింది అక్టోబర్‌లో. మధ్యలో దొరికిన ఐదు నెలలు ఆ ఇంటివి, మనవి కావు.

మిడాన్‌గారూ, మీ నాన్నగారు ఎర్ర తేదీ ఎప్పుడు వేస్తారు? కబురు తెలిసిన రోజేనా?

మిడాన్

ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. మర్నాడు పేపర్లో వచ్చాకే వేస్తారంట. టీవీలో చెప్తే వెయ్యరు. మిల్ఖాసింగ్‌ది 2021లో ముందు పుకారు వచ్చిందని, క్రీడల మంత్రే ఖండించాడని, ఆ దెబ్బకి తన పద్ధతి ఇంకా గట్టిపడిందని చెప్పారు. మిల్ఖా ఆ పుస్తకంలో లేకపోయినా సరే, నేర్చుకోవాల్సింది నేర్చుకున్నారంట!

లెఫ్ట్‌వింగ్ రాసింది చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "బలరాం ఫుట్‌బాల్ కదరా, నా పుస్తకంలో చోటు లేదు, వేరేది కొనాలి" అన్నారు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. మా ఆవిడ వంటింట్లోంచి "రెండొందల పేజీలది సరిపోతుందా మావయ్యా?" అంది.

పల్నాటి పులుసు

పుస్తకం కొనండి. ఎర్ర రీఫిల్ మాత్రం కొనకండి.