అడవినాభి తీగ మొత్తం ఎండిపోయింది, కుండీ ఖాళీ చేసేయాలా?

కంచెపూలు
అందరికీ నమస్తే. మాది గిద్దలూరు దగ్గర పల్లె, ఇప్పుడుండేది హైదరాబాద్‌లో, మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ. మా ఊళ్ళో వానలు పడ్డాక చేల కంచెల మీదికి పాకి మంటలు లేచినట్టు పూసేది ఈ తీగ, మేం నాభి పువ్వు అనేవాళ్ళం, కొంతమంది అగ్నిశిఖ అంటారు. ముట్టుకుంటే అవ్వ అరిచేది. మొన్న జూన్‌లో ఊరెళ్తే గట్టు జేసీబీతో చదును చేస్తున్నారు, అందులో రెండు గడ్డలు బయటపడ్డాయి, పారేయబుద్ధి కాక తెచ్చి 12 అంగుళాల కుండీలో పెట్టా. ఆగస్టు ఆఖరుకి పూలు మొదలయ్యాయి, విచ్చినప్పుడు ఆకుపచ్చ, తర్వాత పసుపు, తర్వాత పైసగం ఎరుపు, చివరికి మొత్తం ఎర్రగా అయిపోయేది ఒక్కో పువ్వు, మా పక్కింటావిడ రోజుకో రంగు చెట్టు మారుస్తున్నావా అని అడిగింది. దీపావళి దాటాక ఆకులు పండిపోయి ఇప్పుడు ఎండుపుల్ల మిగిలింది. రోజూ నీళ్ళు పోస్తున్నా, ఎరువు కూడా వేశా, ఏం లాభం లేదు. చచ్చిపోయినట్టేనా? ఇంకోటి, అన్ని పూలు పూసినా ఒక్క కాయ కూడా నిలవలేదు ఎందుకని? మా చెల్లి ఒక ముక్క అడుగుతోంది, బతికుంటే కోసి ఇవ్వచ్చా?

బెట్టనేల
ముందు ఆ నీళ్ళ మగ్గు పక్కన పెట్టండి అక్కా. అది చావలేదు, పడుకుంది. వానాకాలం పెరిగి పూసి, చలికాలానికి పైన మొత్తం ఎండిపోయి గడ్డ మాత్రం నేలలో ఉండిపోవడం దాని పద్ధతి, మళ్ళీ తొలకరికే లేస్తుంది. ఇప్పుడు మీరు పోసే నీళ్ళే దాన్ని చంపుతాయి, తడిమట్టిలో గడ్డ కుళ్ళిపోతుంది, నాకు మొదటేడు అదే అయింది, మార్చిలో తవ్వితే చేతికి బురద వచ్చింది.

ఎండుపుల్ల కత్తిరించి కుండీ తడి తగలని మూల పెట్టేయండి, లేదా గడ్డ తీసి పొడి ఇసుకలో దాచండి. తీసేటప్పుడు జాగ్రత్త, ముల్లంగి కన్నా తేలిగ్గా విరిగిపోతుంది. పాత గడ్డ ముడుచుకుపోయి ఉంటుంది, అది ఈ ఏడాదికి అయిపోయినట్టే, దాని బదులు కొత్తది రెండు కొమ్ములతో నాగలి ఆకారంలో ఊరుతుంది, సంస్కృతంలో లాంగలి అన్నది అందుకే. మొలకెత్తే కన్ను ఒక్కో కొమ్ము కొసన ఒక్కటే ఉంటుంది. కాబట్టి చెల్లికి ఇవ్వాలంటే రెండు కొమ్ములు కలిసే చోట విడదీసి ఒక కొమ్ము మొత్తం ఇవ్వండి, నడిమికి నరికి ముక్కలు చేస్తే కన్ను లేని ముక్క ఉత్త పిండే.

జూన్‌లో ఎర్రమట్టి, ఇసుక, కాస్త వర్మీకంపోస్ట్ కలిపి, రెండు మూడు అంగుళాల లోతున అడ్డంగా పడుకోబెట్టండి. ఇంకో సంగతి, దీనికి వేరే నులితీగలు ఉండవు, ఆకు కొసే మెలితిరిగి పట్టుకుంటుంది, కాబట్టి లావు కర్ర పాతితే పట్టు దొరక్క పడిపోతుంది. సన్నపుల్లలో వలో కట్టండి.

చత్రంమామ
మేం తరతరాలుగా తమిళనాడులో, ఒట్టన్‌చత్రం వైపు ఉండే తెలుగోళ్ళం, ఇక్కడ దీన్ని సెంగాందళ్ అంటారు, రాష్ట్ర పుష్పం కూడా ఇదే. విత్తనాల కోసం ఎకరాలకెకరాలు వేస్తారు, దాంట్లోంచి కాల్చిసిన్ అనే మందు తీస్తారు, గౌట్ అనే కీళ్ళ నొప్పులకి వాడేది.

కాయ ఎందుకు నిలవలేదంటే, పువ్వు తలకిందులుగా వేలాడుతుంది కదా, దాంట్లో కీలం, అంటే పుప్పొడి అందుకునే కాడ, మొదట్లోనే పక్కకి వంగి పుప్పొడి ఉండే కేసరాలకి దూరంగా పోతుంది, తన పుప్పొడి తనకి అందదు. మా తోటల్లో పొద్దున్నే కూలీలు పువ్వు పువ్వుకీ చేత్తో పుప్పొడి అంటిస్తారు, అదో పెద్ద పని. మీరు ఒక పువ్వు కేసరం తెంపి ఇంకో పువ్వు కీలం కొసకి రాయండి, కాయ కడుతుంది. పండి పగిలితే లోపల ఎర్రటి గింజలు. కానీ గింజ నుంచి పువ్వు చూడాలంటే మూడు నాలుగేళ్ళు పడుతుంది, అంత ఓపిక నాకైతే లేదు, గడ్డే మేలు.

ఆకుల మీద నల్లటి ఒంటికి తెల్ల చుక్కలు, ఎర్ర చుక్కలు ఉన్న గొంగళి కనిపిస్తే చేత్తో ఏరేయండి, రెండు రోజులు చూడకపోతే ఈనెలు కూడా మిగల్చదు.

నైట్‌డ్యూటీ
అందరూ పువ్వు గురించే చెప్తున్నారు, నేను నర్సుని, నాకు వేరేది కనిపిస్తుంది. గడ్డ చూడ్డానికి చిలగడదుంపలా ఉంటుంది, మొక్క మొత్తం విషం, గడ్డలో మరీ ఎక్కువ. పైన చెప్పిన మందే, డోసు దాటితే విషం. తిన్నాక కొన్ని గంటలకి వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, ఫుడ్ పాయిజన్ అనుకుని ఇంట్లోనే ఉండిపోతారు, ఆ తర్వాత కిడ్నీలు, గుండె మీదికి వస్తుంది, బతికి బయటపడ్డ వాళ్ళకి ఒకటి రెండు వారాలకి జుట్టు రాలిపోతుంది. నేరుగా విరిచే ఇంజెక్షన్ మా చేతిలో లేదు. గడ్డని వంటింట్లో ఉల్లిగడ్డల పక్కన మాత్రం పెట్టకండి, గ్లవ్స్ లేకుండా పట్టుకోకండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా?

కంచెపూలు
ఉన్నాడు, మూడేళ్ళవాడు. ఇది చదివి గుండె జారింది, అవ్వ అరుపు ఇప్పుడు అర్థమైంది. ఇందాకే గ్లవ్స్ వేసుకుని తవ్వా. ఒక గడ్డ చెమ్మకి మెత్తబడి పోయింది, నా నీళ్ళ పుణ్యమే. రెండోదాని కింద అచ్చం నాగలిలాగా కొత్తది, తెల్లగా గట్టిగా ఉంది, కానీ తీసేటప్పుడు ఒక కొస పుటుక్కుమంది. కాబట్టి చెల్లికి వచ్చే ఏడాదే. మిగిలింది ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, మూత టేపుతో చుట్టి, పుర్రె బొమ్మ గీసి అటక మీద పెట్టా. జూన్ మొదటి వారంలో పాతేస్తే సరిపోతుందా?

బెట్టనేల
సరిపోతుంది. పాతాక మూడు నాలుగు వారాలు ఏమీ కనిపించకపోవచ్చు, ఉందా లేదా అని గోకి చూడకండి, ఉన్న ఒక్క కన్నూ పోతుంది.