అమెరికాలో మన సంఘం సంక్రాంతి సంబరాలు: నాటకం బట్టలు, వెల్వెట్ పరదా పనులు ఎవరెవరికి

కాస్ట్యూమ్స్ (ప్రస్తుతం విజయనగరంలో):
అందరికీ నమస్తే. పిల్లల బొబ్బిలి యుద్ధం నాటకానికి కొత్త అంగరఖాలు అన్నీ కుట్టేశారు, నిన్న మూడు లాంతర్ల దగ్గర దర్జీ కొట్టుకి వెళ్లి తెచ్చేశాను. తాండ్ర పాపారాయుడికి మెరూన్, రంగారావుగారికి ముదురు నీలం, విజయరామరాజుకి ఆకుపచ్చ, బుస్సీ దొరకి నల్లకోటు. అన్నీ వెల్వెట్టే. యుద్ధం జరిగింది 1757 జనవరి 24న, మన సంబరాలు కూడా ఆ దగ్గర్లోనే పడ్డాయి కాబట్టి ఈసారి అట్టకత్తులూ దుప్పట్లూ కాకుండా కాస్త దర్జాగా వేద్దామనే ఇదంతా.

ఇక పోయిన ఏడాది సామాన్ల పెట్టె గరాజ్‌లో ఉంది కదా, అది తెరిచి ఏమున్నాయో ఎవరైనా చెప్పండి. ఏదీ ఉతకొద్దు. మురికిగా ఉంది కదాని మెషిన్‌లో ఓసారి తిప్పేశాను అని ఎవరైనా అంటే నాటకం రోజున ఆ బట్ట వాళ్లకే తొడిగిస్తాను.

స్టేజీ:
తెరిచాను బావా. పెద్ద పరదా ఒకటి, ముక్కవాసన. సింహాసనం దిండు గలీబులు రెండు. పాత అంగరఖాలు నాలుగు, తలపాగాలు, అమ్మవారి పీఠం మీద వేసే ఎర్రగుడ్డ. మడతలు ఎలా పడ్డాయంటే పరదా మీద చదరంగం ఆడుకోవచ్చు. లాండ్రమాట్‌లో పెద్ద మెషిన్ ఉంది, పరదా ఒక్కటీ అక్కడికి తీసుకెళ్లనా?

కాస్ట్యూమ్స్:
వద్దు బాబూ, అన్నిటికంటే ముందు దాన్నే ముట్టుకోకు. అమెరికాలో జనం చేరే హాళ్లలో కట్టే పరదాకి మంట తొందరగా అంటుకోకూడదని నిబంధన ఉంది, ఎన్‌ఎఫ్‌పీఏ 701 అనే పరీక్ష నెగ్గినట్టు కాగితం చూపించమంటారు. నూలు వెల్వెట్ అయితే ఆ గుణం దారంలో ఉండదు, తర్వాత మందు పట్టిస్తారు, అది చాలావరకు నీళ్లలో కరిగే లవణాలే. ఒక్క ఉతుకు ఉతికామంటే మురికితో పాటు మందూ పోతుంది, పరదా చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, హాలు వాళ్లు మాత్రం కట్టనివ్వరు. కొన్ని పాలిస్టర్ పరదాలకి ఆ గుణం దారంలోనే ఉంటుంది, వాటికి ఈ బెంగ లేదు. మనది ఏ రకమో కింద అంచు దగ్గర కుట్టిన లేబుల్ మీద ఉండాలి, చూసి ఫొటో పెట్టు.

అంతవరకూ చేయాల్సింది: నిలువుగా వేలాడదీసి, వాక్యూమ్‌కి మెత్తటి బ్రష్ తగిలించి పైనుంచి కిందకి లాగు. ముక్కవాసనకి గాలి తగలాలి, సెంటు కొట్టడం కాదు. మడతలు వేలాడితే సగం వాటంతటవే పోతాయి.

స్టేజీ:
లేబుల్ దొరికింది, నూరు శాతం కాటన్ అనుంది. ఇంకో అక్షరాల వరుస అరిగిపోయింది. లాండ్రమాట్ ఆలోచన మానుకున్నాను. సర్టిఫికెట్ కాగితం సంఘం ఫైల్లో ఉందేమో ట్రెజరర్ గారు చూడాలి.

ఓ అమ్మ (పాపారాయుడి తల్లి):
మరి మిగతావి? మా వాడు పోయిన ఏడాది వేసుకున్న అంగరఖా చంకల దగ్గర చెమట వాసన, దగ్గరికి వెళ్లలేకపోతున్నాం. డ్రై క్లీనింగ్‌కి ఇచ్చేద్దామా అన్నీ?

కాస్ట్యూమ్స్:
అన్నీ కాదమ్మా. ముందు అది ఏ గుడ్డో తెలియాలి. నిన్న దర్జీ గారు నా ముందే చేసి చూపించారు: లోపల కుట్టు మార్జిన్‌లోంచి ఒక్క పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించారు. పోగు వెనక్కి ముడుచుకుపోయి కొసన గట్టిగా నల్లపూస కట్టింది. "ఇది పాలిస్టర్ బాబూ, దీనికేటి కాదు" అన్నారు. అదే కాగితంలా మండి బూడిద రాలిపోతే రేయాన్ లేదా నూలు, వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు. సింకు దగ్గర నిలబడి, పిల్లల్ని అవతలికి పంపి చేయండి. కొన్ని గుడ్డలకి అడుగు నేత ఒక రకం, పైన నూగు ఇంకో రకం ఉంటాయి, కాబట్టి నూగు పోగు కూడా ఒకటి లాగి చూడండి.

అసలు సంగతి ఆ నూగులోనే ఉంది. వెల్వెట్‌ని ఎక్కువగా రెండు గుడ్డలు ఎదురెదురుగా కలిపి నేసి మధ్యలో కోసి విడదీస్తారు, కోసిన పోగుల కొసలు నిలబడి ఉంటాయి, మనం చేత్తో నిమిరేది వాటినే. పిండినా, ఇస్త్రీపెట్టె అదిమినా ఆ కొసలు పడుకుండిపోతాయి. పాలిస్టర్ ఓర్చుకుంటుంది. రేయాన్‌కి తడిస్తే బలం తగ్గిపోతుంది, పట్టు సంగతి చెప్పక్కర్లేదు, ఆ రెండూ డ్రై క్లీనింగ్‌కే. రాళ్లు జిగురుతో అంటించిన తలపాగాలు ఉతకడమూ వద్దు, డ్రై క్లీనింగూ వద్దు, ఆ ద్రావకానికి జిగురు వదిలేస్తే రాళ్లన్నీ సంచిలో ఏరుకోవాలి.

పాలిస్టర్ అని తేలినవి ఇలా: లోపలివైపు నీళ్లలో ముంచిన తెల్లగుడ్డతో కాసేపు అద్దండి. తెల్లగుడ్డకి రంగు అంటితే ఆగిపోండి, మెరూన్ దాన్ని నేను అస్సలు నమ్మను. అంటకపోతే బట్ట తిరగేసి, చల్లనీళ్లలో కొంచెం మెత్తటి లిక్విడ్ సబ్బు వేసి చేత్తో ఆడించండి. పిండొద్దు, పెద్ద తువ్వాల్లో పెట్టి చుట్ట చుట్టి నొక్కితే నీళ్లు తువ్వాలు లాగేస్తుంది. డ్రయర్‌లో వేయొద్దు. వెడల్పు హ్యాంగర్‌కి తగిలించి, ఇంకా చెమ్మ ఉండగానే మెత్తటి బ్రష్‌తో నూగు వాలు వైపే దువ్వండి. వాలు ఎటో తెలియకపోతే నిమిరి చూడండి, వాలు వైపు నున్నగా పోతుంది, ఎదురు నిమిరితే రంగు ముదిరినట్టు కనిపిస్తుంది.

ఒక్క చెమట వాసన కోసమే అయితే ఇంత అక్కర్లేదు. నాటకాల వాళ్లు వోడ్కాలో నీళ్లు కలిపి లోపలి లైనింగ్ మీద చల్లి ఆరబెడతారు, వాసన పోతుంది.

ట్రెజరర్:
సర్టిఫికెట్ దొరికింది, స్కాన్ చేసి హాలు వాళ్లకి పంపించాను. వోడ్కా ఏ ఖాతాలో రాయాలో కూడా చెప్పండి.

ఓ అమ్మ:
😂 ఈసారి లోపల నూలు బనీను వేసి పంపిస్తాం, సంఘానికి ఆ ఖర్చు తప్పుతుంది.

పూజ, అలంకరణ:
తమ్ముడూ, అమ్మవారి ఎర్రగుడ్డ సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. పైడితల్లమ్మ పూజకి వాడింది, దాని మీద కుంకుమ, పసుపు, దీపం నూనె, ఎవరో వెలిగించిన కొవ్వొత్తి మైనం, అన్నీ ఉన్నాయి. చిన్నప్పుడు శ్రీకాకుళంలో మా అమ్మ ఇలాంటి గుడ్డలకి తడే తగలనిచ్చేది కాదు, దులిపి ఎండలో వేసేది.

కాస్ట్యూమ్స్:
అమ్మ చేసిందే కరెక్ట్ అక్కా. కుంకుమ పొడిగా ఉన్నంతసేపే మన మాట వింటుంది, తడి తగిలితే పట్టేస్తుంది, కాబట్టి దులపండి, తర్వాత వాక్యూమ్. పసుపుకి సబ్బు తగిలితే మచ్చ ఎర్రబడుతుంది, దాన్ని చూసి కంగారుపడి ఇంకా రుద్దుతాం. పసుపుని విరిచేది ఎండే, కానీ జనవరిలో అక్కడ ఎండెక్కడిది, పైగా ఎక్కువసేపు ఉంచితే ఎర్రరంగు కూడా వెలుస్తుంది. ఎర్రగుడ్డ మీద పసుపు అంతగా కనపడదు కాబట్టి వదిలేయమంటాను.

నూనె మీద మొక్కజొన్న పిండి చల్లి రాత్రంతా ఉంచి పొద్దున్న వాక్యూమ్ చేయండి, ఒకసారికి పోకపోతే మళ్లీ చల్లండి. మైనానికి ఐసుముక్క కవర్లో పెట్టి ఆనిస్తే పెళుసవుతుంది, చెంచా అంచుతో మెల్లగా లేపేయండి. మిగిలిన జిడ్డుకి నూగు వైపు గోధుమరంగు కాగితం పరిచి, గుడ్డ వెనకనుంచి గోరువెచ్చటి ఇస్త్రీపెట్టె ఊరికే ఆనించి తీసేస్తే కాగితం పీల్చుకుంటుంది. గోళ్లరంగు తుడిచే మందు మాత్రం వద్దు, అది అసిటేట్ గుడ్డ అయి ఉంటే కరిగి చిల్లు పడుతుంది.

స్టేజీ:
కొత్తవి సూట్‌కేసులో నలిగిపోవా బావా?

కాస్ట్యూమ్స్:
మడతపెట్టట్లేదు. మధ్యలో పాత నూలు చీర ముక్కలు వేసి చుట్ట చుడుతున్నాను (పొందూరు ఖద్దరు వేద్దామంది మా పిన్ని, మరీ అంత వైభోగం అక్కర్లేదన్నాను). ప్లాస్టిక్ కవర్లు వద్దు, లోపల చెమ్మ పడుతుంది. పచ్చడి సీసాలు వేరే పెట్టెలో, అది ముందే తేల్చుకున్నాం. దిగాక నూగు ఎక్కడైనా పడుకుని ఉంటే బాత్రూమ్‌లో తగిలించి వేడినీళ్ల షవర్ వదలండి, ఆవిరికి లేస్తుంది. స్టీమర్ ఉంటే వెనకవైపునుంచి, జానెడు దూరంలో పట్టుకుని. ఆరేదాకా ఎవరూ వేలు పెట్టకూడదు, పెడితే ముద్ర అలాగే ఉండిపోతుంది.

వంటల కమిటీ:
మా వైపునుంచి ఒక సందేహం. నాటకం అవగానే భోజనాలు, పనసకాయ ఆవపెట్టిన కూర ఉంది. గుంటలు ఆ బట్టలతోనే లైన్లోకి వచ్చేస్తారు, ఫొటోలంటారు.

కాస్ట్యూమ్స్:
ఫొటోలు నాటకం ముందే తీసేద్దాం. తెర పడగానే పక్క గదిలో బట్టలు మార్చుకుంటేనే భోజనం టోకెన్, ఆ గది తలుపు దగ్గర ఒకరు నిలబడాలి.

ఓ అమ్మ:
తలుపు దగ్గర నేనుంటాను. స్టీమర్ ఎవరిదగ్గరుంది?

స్టేజీ:
మా ఇంట్లో ఉంది. శనివారం గరాజ్‌కి తెస్తా, దిండు గలీబుల పోగు కూడా కాల్చి చూసి ఏం గుడ్డో రాస్తాను.