అప్‌డేట్: పీసీ ఖాళీగా ఉంటే నెట్ పోయే సమస్య తీరింది

పీసీని 15 నిమిషాలు ముట్టుకోకపోతే ల్యాన్ (కేబుల్) నెట్ పోతోందనీ, రీస్టార్ట్ చేస్తేనే వస్తోందనీ అడిగాను కదా. తీరింది, జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

మీరు చెప్పిన పింగ్ పరీక్షే (ఒక అడ్రస్‌కు చిన్న సందేశం పంపి జవాబు వస్తుందో లేదో చూడటం) దారి చూపింది. నెట్ పోయినప్పుడు 192.168.1.1, అంటే రౌటర్ కూడా పలకలేదు. అదే సమయంలో ఫోన్లలో వైఫై బాగానే ఉంది. కాబట్టి తప్పు బయటి లైన్‌లో లేదు, పీసీకీ రౌటర్‌కీ మధ్యే ఉంది. (రౌటర్ పలికి 8.8.8.8, అంటే బయటి గూగుల్ సర్వర్ పలకకపోతే లైన్‌ను అనుమానించాలి. అదీ పలికి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్ఎస్‌ను, అంటే సైటు పేర్లను ఐపీ అడ్రస్‌లుగా మార్చే సేవను.) కేబుల్ మార్చినా ఫలితం లేదు.

విండోస్ డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద ఈథర్‌నెట్ కార్డు ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చు అనే మొదటి టిక్ తీసేశాను. దానితో నెట్ పోవడం తగ్గింది కానీ పూర్తిగా ఆగలేదు. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్, గ్రీన్ ఈథర్‌నెట్ రెండూ డిసేబుల్ చేశాకే ఆగింది. ఇవి ఆన్‌లో ఉంటే, ట్రాఫిక్ లేనప్పుడు కార్డు లింకును కునుకు తీయిస్తుంది, కొన్ని రౌటర్లతో అది సరిగా మేల్కోదు.

ఒక్క జాగ్రత్త: డ్రైవర్ అప్‌డేట్ అయితే ఈ సెట్టింగులు మళ్లీ మొదటికి రావచ్చు, అప్పుడు ముందు ఇవే చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబే కనిపించదు. వాటిలో నేరుగా అడ్వాన్స్‌డ్‌కు వెళ్లండి.