దొనకొండ పాత రన్‌వే: ప్లాట్లు పడకముందే ఏమన్నా చేయగలమా?

పాతషెడ్డు:
అన్నలూ, మాది దొనకొండ పక్కన పల్లె. బ్రిటిష్‌వాళ్ల కాలం నాటి ఎయిర్‌పోర్టు ఒకటి మా దగ్గర పాడుబడి ఉందని ప్రకాశం జిల్లావాళ్లలో చాలామంది వినే ఉంటారు, చూసినోళ్లు మాత్రం తక్కువ. రైల్వే స్టేషన్, పాత లోకోషెడ్డు, క్వార్టర్స్, ఈ ఎయిర్‌పోర్టు, ఇవన్నీ కలిస్తేనే దొనకొండ. 2014లో రాజధాని ఇక్కడే అని పుకారు లేచినప్పుడు ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకొచ్చి ఎకరాలకెకరాలు బేరమాడిపోయారు, ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. ఇప్పుడు మళ్లీ కదలిక మొదలైంది. పరిశ్రమలంటారు, లేఅవుట్లంటారు, మొన్నొక వెంచర్ వాళ్లు చుట్టుపక్కల చిల్లకంప కొట్టించి హద్దురాళ్లు పాతారు. పాత రన్‌వే కూడా ఇవాళో రేపో ఇందులో కలిసిపోతుందని టీకొట్టు దగ్గర మాట.

నేను ఫ్యాక్టరీలకి వ్యతిరేకం కాదు, మా ఇంట్లోనే ఇద్దరు డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నారు. కానీ పొక్లెయినర్ వచ్చిందంటే ఒక్క పూటలో అంతా మట్టే. ఇంగ్లండులో రెండో ప్రపంచయుద్ధం నాటి ఎయిర్‌ఫీల్డుల్లో ఇళ్లు కట్టొద్దని ఊళ్లకి ఊళ్లే పోరాడుతున్నాయంట. మనకి అలాంటి చట్టం ఏదన్నా ఉందా? ఎవరికి అర్జీ పెట్టాలి? కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చి వస్తే సరిపోద్దా?

ఒంగోలు వకీలు:
తమ్ముడూ, చేదు మాట ముందే చెప్తా. పురావస్తు శాఖ రక్షిత కట్టడం కింద ప్రకటించాలంటే 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఆ కట్టడానికి కనీసం వందేళ్లు నిండాలి. యుద్ధం నాటి రన్‌వేకి అది నిండేసరికి 2040లు వస్తాయి. అప్పటిదాకా పొక్లెయినర్ ఆగదు కదా. పాత కట్టడాల్ని కాపాడాలని పనిచేసే ఇంటాక్ లాంటి సంస్థలు వారసత్వ జాబితాలో చేర్చొచ్చు, దానివల్ల పేపర్లో వార్త వస్తుంది, అధికారి కాస్త ఆలోచిస్తాడు, అంతే. చట్టం బలం దానికి లేదు.

అందుకని "చారిత్రక కట్టడం, కాపాడండి" అని ఒక్క ముక్క రాసి సోమవారం అర్జీ ఇస్తే అది పురావస్తు శాఖకి పోయి, వాళ్లు "మా జాబితాలో లేదు" అని రాసేసి ఫైలు మూసేస్తారు. మూసేశాక మళ్లీ తెరిపించడం ఎంత కష్టమో నాకు తెలుసు. ముందు ఆ భూమి ఎవరిదో కాగితం మీద తేల్చుకో. పౌర విమానాల శాఖ కింద ఎయిర్‌పోర్ట్స్ అథారిటీదా, రక్షణ శాఖదా, ప్రభుత్వ పోరంబోకా, లేక చుట్టూ ఉన్న కొంత పట్టా భూమా? జవాబును బట్టి నువ్వు తట్టాల్సిన తలుపే మారిపోద్ది. కేంద్రానిదైతే కలెక్టర్ ఒక్కడూ ప్లాట్లు వేయలేడు. అది నీకు మంచిదే, టైం దొరుకుద్ది.

కురిచేడు రైతుబిడ్డ:
అందరూ దూరంగా కూర్చుని వారసత్వం వారసత్వం అంటారు, నాకైతే ఒళ్లు మండిపోద్ది. ఇక్కడ వానలు లేక బోర్లు ఎండిపోయి జనం హైదరాబాదుకీ బెంగుళూరుకీ వలస పోతుంటే, బ్రిటిష్‌వాడు వేసుకున్న రోడ్డుముక్క కాపాడటం ఒక సమస్యా? వాడేమన్నా మనకోసం వేశాడా? వాడి యుద్ధం, వాడి విమానాలు. ఆ రోజుల్లో భూములు ఎవరివి లాక్కున్నారో, ఎంతిచ్చారో కూడా ఎవరూ అడగరు. మా తాతలకాలం నుంచి ఎదురుచూస్తుంటే ఇప్పటికి నాలుగు పరిశ్రమలొస్తాయన్నారు, అది కూడా ఆపేస్తారా?

పాతషెడ్డు:
అన్నా, ఆపమనలేదు. రన్‌వే మీద కాకుండా పక్కన కట్టుకోమంటున్నా. ఖాళీ భూమికి మన దగ్గర కరువేముంది?

నెల్లూరు మొలగొలుకులు:
కురిచేడు అబ్బయా, వాడి యుద్ధమే, కాదనను. కానీ ఆ యుద్ధం మన గడప దాకా వచ్చింది. 1942 ఏప్రిల్ 5న జపానువాళ్లు కొలంబో మీద పడ్డారు, మర్నాడే విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశారు. ఆ నెలలోనే మద్రాసు సగం ఖాళీ అయింది. జనం పెట్టేబేడా సర్దుకుని రైళ్లెక్కి సొంతూళ్లకి పరిగెత్తారు, మన నెల్లూరు జిల్లాకి వచ్చినవాళ్లూ ఉన్నారు, పెద్దవాళ్లని అడిగితే చెప్తారు. తీరం వెంబడి, తీరానికి లోపల, ఎన్నోచోట్ల విమానాలు దిగే నేలలు సిద్ధం చేసుకున్నది ఆ భయంతోనే. విశాఖకో మద్రాసుకో ఏమన్నా అయితే లోపల ఇంకోచోట దిగి పెట్రోలు పోసుకోవాలి కదా. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే లైను మీదున్న ఊరైతే పీపాలు రైల్లో తెచ్చి దించుకోవచ్చు. దొనకొండలో లోకోషెడ్డునీ ఎయిర్‌పోర్టునీ వేరువేరుగా చూడకూడదనేది అందుకే. నన్నడిగితే షెడ్డు, క్వార్టర్స్, రన్‌వే మూడూ కలిపి ఒకే అర్జీగా పెట్టాలి.

ఇక మిగిలినవి ఎట్లా మిగిలాయో చూడు. గన్నవరం మిగిలింది, ఎందుకంటే యుద్ధం అయిపోయాక అక్కడ మామూలు విమానాలు దిగాయి, ఇవాళ విజయవాడ ఎయిర్‌పోర్టు అంటే అదే. మనం నెల్లూరు నుంచి మద్రాసు పోతుంటే రెడ్‌హిల్స్‌కి ముందొచ్చే షోలవరం గుర్తుందా, అక్కడి యుద్ధకాలపు స్ట్రిప్ మీద దశాబ్దాల పాటు కార్ల రేసులు, బైకు రేసులు జరిగాయి. వేల జనం వచ్చేవాళ్లు. ఎవరో ఒకరు ఏదో ఒక పనికి వాడుతున్నంత కాలమే ఆ నేల నిలుస్తుంది. వాడకం ఆగిందా, కంప మొలుస్తుంది, ఆ తర్వాత "నిరుపయోగ భూమి" అని ఎవడో ఫైల్లో రాస్తాడు, ఇక అంతే సంగతులు.

ఇంగ్లండు గొడవ కూడా అదే. అక్కడ ప్లానింగ్ రూల్సులో "ఇంతకుముందే కట్టిన భూమి" అని ఒక వర్గం ఉంది, పొలాలు పాడుచేయకుండా ముందు అలాంటిచోట ఇళ్లు కట్టండి అని ప్రభుత్వం తొందరపెడుతుంది. ఎయిర్‌ఫీల్డులో చారెడు షెడ్లు, నాలుగు గదులు, మిగతాదంతా గడ్డి. ఆ నాలుగు గదులు చూపించి మొత్తం వందల ఎకరాల్నీ కట్టిన భూమి కిందే లెక్కేయాలని బిల్డర్లు వాదిస్తారు. ఆ రూల్సులోనే "ఆవరణ మొత్తం కట్టొచ్చని అనుకోకూడదు" అనీ ఉంది, పోరాడేవాళ్లు ఆ లైను పట్టుకుని వేలాడతారు. కొన్ని పోయాయి. కెంట్‌లో వెస్ట్ మాలింగ్ అనే ఫైటర్ స్థావరం ఇప్పుడు కింగ్స్ హిల్ అనే కాలనీ, పాత కంట్రోల్ టవర్ మాత్రం ఇళ్ల మధ్య మిగిలింది. కొన్ని నిలిచాయి. డక్స్‌ఫర్డ్‌ని సైన్యం వదిలేశాక యుద్ధ మ్యూజియంవాళ్లు పాత విమానాలు పెట్టుకోవడానికి అక్కడికి చేరారు, 1977లో అక్కడి కౌంటీ కౌన్సిల్ వాళ్లతో కలిసి రన్‌వేని కొనేసింది. కొనేసింది అన్నమాట గమనించు, మన జిల్లా పరిషత్ ఒక రన్‌వే కొన్నట్టు! మనకి నవ్వొస్తుంది గానీ, అక్కడ ఇప్పటికీ విమానాలు ఎగురుతున్నాయి.

బెర్లిన్‌లో టెంపెల్‌హాఫ్ ఇంకా గట్టి కేసు. 2008లో విమానాలు ఆపేశారు, 2010లో గేట్లు తీసి జనాన్ని రానిచ్చారు. రన్‌వే మీద సైకిళ్లు, గాలిపటాలు, పక్కన కూరగాయల మళ్లు. ఆ తర్వాత అంచుల్లో ఇళ్లు కడతామని నగర ప్రభుత్వం అంటే 2014లో ఓటింగ్ పెట్టించి మరీ ఆపారు. మూడొందల హెక్టార్లకి పైగా నేల, ఊరి నడిబొడ్డున! చరిత్ర మీద ప్రేమతో ఓటేసినవాళ్లు ఎంతమందో గానీ, సాయంత్రం అక్కడ తిరిగే అలవాటున్నవాళ్లు మాత్రం కచ్చితంగా వేసుంటారు.

కురిచేడు రైతుబిడ్డ:
బెర్లిన్ వాళ్లకి ఇళ్లు దొరక్క అద్దెలు పెరిగిపోతున్నాయని కూడా చదివాను, అది చెప్పవేం? సరే, నీ మాటే నిజమనుకో. దొనకొండలో సాయంత్రం షికారుకి ఎవరొస్తారు? మే నెలలో ఆ ఎండకి రన్‌వే మీద కాలు పెట్టు చూద్దాం.

రిటైర్డ్ సర్వేయర్:
ఇద్దరూ కాసేపు ఆగండి. గొడవంతా ఎకరాల మీదైతే ఎకరాలు లెక్కేద్దాం. యుద్ధంలో బ్రిటిష్‌వాళ్లు బాంబర్ల కోసం పెట్టుకున్న ప్రమాణం ప్రకారం పెద్ద రన్‌వే రెండు వేల గజాల పొడవు, యాభై గజాల వెడల్పు. అంటే లక్ష చదరపు గజాలు. ఎకరాకి 4840 చొప్పున వేస్తే ఇరవై ఎకరాల పైచిలుకు, అంతే. మన మారుమూల స్ట్రిప్పులు చాలావరకు అంతకంటే చిన్నవే ఉంటాయి. వందల ఎకరాల్లో వచ్చే పారిశ్రామిక పార్కుకి ఈ ఇరవై ఎకరాలు అడ్డం కాదు. ఏ లేఅవుట్‌కైనా రోడ్లకీ ఖాళీ స్థలానికీ కొంత వదలక తప్పదు, ఆ వదిలేది రన్‌వే పొడవునా వదలమని అడగండి. పార్కు మధ్యలో నిటారుగా ఒక పెద్ద దారి ఉన్నట్టే ఉంటుంది, లారీలు వేరే దారిన పోతాయి. ఇంజినీరు ప్లాను గీసేటప్పుడు చెప్తే ఇది పెన్సిలు పని. గీశాక చెప్తే కోర్టు పని.

పాతషెడ్డూ, నువ్వు చేయాల్సింది ఇప్పుడే చేసుకో. మీభూమి సైట్‌లో (ప్రభుత్వ భూరికార్డులది) సర్వే నంబర్లు, అడంగల్ చూడు. మండల ఆఫీసులో ఆ నంబర్ల ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకళ్లు తీసుకో. రన్‌వే ఏ నంబర్ల మీదుగా పోతుందో ఎఫ్‌ఎంబీ మీద గీసుకుంటే, నీ చేతిలో ఉన్నది ఎమోషన్ కాదు, మ్యాపు. ఇంకొకటి, పాత కాగితాలు ఒంగోలులోనే వెతికి లేవని ఆగిపోవద్దు. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో, గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి కలిపారు. దర్శి, పొదిలి వైపు పల్లెల పాత రికార్డు నెల్లూరు నుంచి వచ్చింది, మార్కాపురం వైపుది కర్నూలు నుంచి. యుద్ధం నాటి ప్రభుత్వ ఉత్తర్వులు మద్రాసు ప్రెసిడెన్సీవి కాబట్టి ఎగ్మోరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. కురిచేడు అబ్బాయి అడిగిన "ఎవరి భూములు తీసుకున్నారు, ఎంతిచ్చారు" అన్నది కూడా దొరికితే అక్కడే దొరకాలి. అది మంచి ప్రశ్న, అర్జీలో దాన్నీ పెట్టండి.

పాత మ్యాపులు కావాలంటే 1950ల్లో అమెరికా సైన్యం వేసిన ఇండియా షీట్లు టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, ఎయిర్‌ఫీల్డుల గుర్తులు వాటిలో ఉంటాయి. 1960ల్లో వాళ్ల ‘కరోనా’ అనే గూఢచారి ఉపగ్రహాలు తీసిన ఫోటోలు కూడా బయటపెట్టారు. మీ నేల మీద మేఘం లేని రోజుది దొరికితే అదృష్టం.

కురిచేడు రైతుబిడ్డ:
సర్వేయర్ గారూ, ఇరవై ఎకరాలంటే నాకూ పేచీ లేదు. కానీ రాతపూర్వకంగా ఉండాలి, "మిగతా భూమిలో పరిశ్రమ మాకు కావాలి" అని. లేకపోతే రేపు ఊళ్లో మీరే విలన్లు అవుతారు, చూసుకోండి. అట్లా రాస్తే మా ఊరి నుంచి కూడా సంతకాలు పెట్టిస్తా.

పాతషెడ్డు:
అట్లానే రాద్దాం అన్నా. ఆదివారం కెమెరా తీసుకెళ్లి వీలైనంత తీస్తా. అంచుల్లో కంకర తేలి, మధ్యలో పగుళ్లలోంచి కంప మొలిచి ఉంది. ఒకచోట మాత్రం పైపొర చెక్కుచెదరలేదు, దాని మీద మిరపకాయలు ఆరబోస్తుంటారు. ఫోటోలో అది కూడా పెట్టొచ్చా, లేక "ఆక్రమణ" అని వాళ్ల మీదికే వస్తారా?

ఒంగోలు వకీలు:
మనుషుల ముఖాలు లేకుండా తీయి, చాలు. మిరపకాయలు ఉండనీ, వాడుకలో ఉందని చూపించడానికి అంతకన్నా ఏం కావాలి? ప్రతి ఫోటో వెనక తేదీ, సర్వే నంబరు రాయి, ఏ దిక్కుకి తిరిగి తీశావో రాయి. పక్కన ఒక గజంబద్ద పెట్టి తీస్తే ఇంకా మంచిది.

పంచాయతీ తీర్మానం సంగతి కూడా మర్చిపోవద్దు. మనుషులు విడివిడిగా పెట్టిన అర్జీ కంటే గ్రామసభ తీర్మానం నకలుకి ఆఫీసుల్లో బరువెక్కువ. సర్పంచ్ ఏ పార్టీ అని చూడొద్దు, మిగతా భూమిలో పరిశ్రమ కావాలన్న లైను ఉంటే ఎవరైనా సంతకం పెడతారు.

పాతషెడ్డు:
సరే అన్నా. సమాచార హక్కు దరఖాస్తు ముందు ఎవరికి వేయాలి, మండలంలోనా, కేంద్రానికా?

ఒంగోలు వకీలు:
రెండుచోట్లా ఒకేసారి వెయ్యి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, పది రూపాయలు. తహసీల్దారు ఆఫీసులో ఐదు రూపాయలే. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. "మా దగ్గర లేదు" అని ఊరికే తిప్పి పంపితే సెక్షన్ 6(3) గుర్తుచెయ్, ఆ సమాచారం ఏ ఆఫీసులో ఉందో అక్కడికి ఐదు రోజుల్లో వాళ్లే పంపాలి. "ఎయిర్‌పోర్టు గురించి వివరాలివ్వండి" అని అడగమాకు, ఏమీ రాదు. సర్వే నంబర్లు వేసి "ఈ నంబర్ల భూమి ఎవరి పేరున ఉంది, ఏ సంవత్సరం ఏ ఉత్తర్వు ప్రకారం, దీన్ని ఇతరులకి బదిలీ చేసే ప్రతిపాదన ఏదన్నా పెండింగ్‌లో ఉందా, ఉంటే నకలు" అని అడుగు. ముసాయిదా రాసి ఇక్కడ పెట్టు, పంపేముందు నేనూ సర్వేయర్ గారూ ఒకసారి చూస్తాం.